ఎర్ర పెన్సిలు గీతలు: నోయిడాలో ఒక నమూనా విమానం చరిత్ర

నోయిడాలో నేను నివసించే గృహసముదాయంలో, మూడవ అంతస్తులోని ఒక ఇంటి బాల్కనీలో, పాతకాలపు రేకు పెట్టె ఒకటి ఉన్నది. మూత మీద తెల్ల రంగుతో రాసిన అక్షరాలు సగం చెరిగిపోయాయి. లోపల ట్రేసింగు కాగితం మీద గీసిన పటాలు నూటికి పైగా ఉన్నాయి. పదకొండు నోటు పుస్తకాలు, విరిగిన రెక్కల ముక్కలు కొన్ని, వేలెడంత డీజిల్ ఇంజను ఒకటి ఉన్నాయి. ఆ ఇంజనును ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ ఆముదం వాసన వేస్తుంది.

పెట్టె యజమాని డెబ్బై ఏడేళ్ళ తెలుగాయన. కృష్ణా జిల్లాలో పుట్టి, కళాశాలలో ఎన్.సి.సి. వైమానిక విభాగంలో నమూనా విమానాలు చేయడం నేర్చి, ఉద్యోగరీత్యా ఢిల్లీ చేరి, పరికరాల మరమ్మతు పనిలో జీవితమంతా గడిపి విశ్రాంతి తీసుకుంటున్నారు. మేమందరం ఆయనను మాస్టారు అంటాము. ఆయన ఎవరికీ పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు కారు. అయినా ఆ పేరు ఎందుకో నిలిచిపోయింది.

ఆ పటాలను మొదటిసారి చూసినప్పుడు నన్ను ఆకర్షించినవి ఎర్ర పెన్సిలు గీతలు. ప్రతి పటం నల్ల సిరాతో శుభ్రంగా గీసి ఉన్నది. దాని మీద ఎర్ర పెన్సిలుతో రెక్క కొసను కొద్దిగా వెడల్పు చేస్తూ, తోకను అరంగుళం వెనక్కి జరుపుతూ, పక్కన తేదీ వేసి కారణం రాసి ఉన్నది. చరిత్ర చదువుకున్న నాకు తాళపత్ర ప్రతుల అంచులలోని దిద్దుబాట్లు గుర్తుకు వచ్చాయి. బ్రౌన్ దొర వేమన పద్యాల ప్రతులు సేకరించి, పాఠభేదాలు పోల్చి, 1829లో ప్రచురించిన సంగతి మనకు విదితమే. ఒక పాఠం ఎలా మారుతూ వచ్చిందో తెలియకుండా ఆ పాఠం చరిత్ర తెలియదు. యంత్రానికీ ఇదే వర్తిస్తుంది. కాని యంత్రాల విషయంలో మనం తుది రూపాన్ని ప్రదర్శనశాలలో నిలబెట్టి, దానికి ముందున్న తప్పులను చెత్తబుట్టకు అప్పగిస్తాము.

విమానం విషయంలో ఆ తప్పులన్నీ మొదట నమూనాల మీదే జరిగాయి. మనిషిని మోసే విమానం కంటే నమూనా విమానం వయసులో పెద్దది. ఇంగ్లండుకు చెందిన సర్ జార్జ్ కేలీ 1804లో ఒక కర్రకు గాలిపటాన్ని రెక్కగా బిగించి, వెనుక కదిలే తోకను అమర్చి, చేతితో విసిరి ఎగురవేశాడు. రెక్క, దేహం, తోక అనే నేటి విమాన స్వరూపం అక్కడ మొదలయింది. సంక్రాంతికి మన పిల్లలు, ఆగస్టు 15న ఢిల్లీ పిల్లలు మేడలెక్కి ఎగురవేసే గాలిపటం ఈ వంశవృక్షానికి మూలమన్నమాట.

కేలీ తరువాత చెప్పుకోవలసినవాడు ఫ్రాన్సుకు చెందిన అల్ఫోన్స్ పెనో. 1871 ఆగస్టులో పారిస్‌లోని త్విలరీ ఉద్యానంలో, మెలితిప్పిన రబ్బరుతో నడిచే చిన్న విమానాన్ని పెద్దల సమక్షంలో వదిలాడు. అది 11 సెకన్ల పాటు, 40 మీటర్ల దూరం, ఎవరి సాయమూ లేకుండా నిలకడగా ఎగిరింది. రెక్కకు వెనుక ఒక చిన్న తోకను కొద్దిపాటి కోణంలో అమర్చితే విమానం తనను తాను సరిదిద్దుకుంటుందని పెనో చూపించాడు. నేటికీ ప్రయాణికుల విమానాలలో అధికభాగం ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి. తరువాత పెద్ద విమానానికి పటాలు గీశాడు గాని దానికి డబ్బు పెట్టేవారు దొరకలేదు. 1880లో తన పటాలన్నిటినీ శవపేటిక ఆకారంలో ఉన్న చిన్న చెక్కపెట్టెలో సర్ది, ఆవిరి గాలినౌకను నడిపిన హెన్రీ జిఫార్ ఇంటికి చేర్పించి, ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి అతని వయసు ముప్ఫై. ఈ కథ చదివిన నాటి నుంచి మాస్టారి రేకు పెట్టెను నేను మునుపటిలా చూడలేకపోయాను.

పెనో రూపొందించిన మరో బొమ్మ, రబ్బరుతో పైకి లేచే చిన్న హెలికాప్టరు, లోకమంతా అమ్ముడుపోయింది. 1878లో అమెరికాలో ఒక మతాచార్యుడు అటువంటి బొమ్మను తన ఇద్దరు కొడుకులకు తెచ్చి ఇచ్చాడు. ఆ పిల్లలు విల్బర్ రైట్, ఆర్విల్ రైట్. పెద్దయిన తరువాత 1901లో ఆ సోదరులు ఒక చెక్కపెట్టెలో గాలి సొరంగం నిర్మించి, దాదాపు 200 చిన్న రెక్కల నమూనాలను పరీక్షించారు. 1903 డిసెంబరు విజయానికి ఆ చిన్న రెక్కలే పునాది.

నమూనా ఎప్పుడూ నిజమే చెబుతుందని కూడా అనుకోరాదు. శామ్యూల్ లాంగ్లీ అనే అమెరికా శాస్త్రజ్ఞుడి ఆవిరి నమూనా 1896 మే 6న పొటోమాక్ నది మీద సుమారు కిలోమీటరు దూరం ఎగిరింది. ఆ ఉత్సాహంతో కట్టిన పెద్ద విమానం 1903లో రెండు పర్యాయాలు అదే నదిలో కూలింది. చిన్నదాని బలం పెద్దదానికి రాదు. గాలి స్వభావం కూడా పరిమాణాన్ని బట్టి మారుతుంది. పాతిక సెంటీమీటర్ల వెడల్పు గల రెక్కకు గాలి చిక్కని ద్రవంలా అనిపిస్తుంది. నిజమైన విమానం రెక్కకు అదే గాలి పలుచన. ఆస్బర్న్ రేనాల్డ్స్ 1883లో నీటిగొట్టాలలో రంగు వదిలి కనుగొన్న సూత్రం నుంచే ఈ భేదానికి లెక్క వచ్చింది.

ఇక దూరం నుంచి నడపడం. 1895లో కలకత్తా టౌన్ హాలులో జగదీశ్ చంద్ర బోస్ కంటికి కనిపించని విద్యుత్ తరంగాలను గోడల గుండా పంపి, అవతల గదిలో గంట మోగించి, తుపాకిమందును పేల్చారు. తీగ లేకుండా దూరాన ఉన్న వస్తువు చేత పని చేయించడం ఈ దేశంలో ఆనాడే బహిరంగంగా జరిగిందని మనం అంతగా చెప్పుకోము. మూడేళ్ళకు, 1898లో, న్యూయార్క్‌లో నికోలా టెస్లా చిన్న పడవను అదే రీతిలో నడిపి చూపాడు. విమానానికి ఈ విద్య వంటబట్టడానికి మరో నలభై ఏళ్ళు పట్టింది. మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ పట్టణానికి చెందిన కవల సోదరులు వాల్టర్ గుడ్, విలియం గుడ్ 1937లో ఎనిమిది అడుగుల రెక్కలు గల 'గఫ్' అనే నమూనాను రేడియోతో ఎగురవేశారు. అది ఇప్పుడు స్మిత్సోనియన్ సంస్థ సేకరణలో ఉన్నది.

ఆ కాలపు రేడియో నియంత్రణను ఈనాటివారు ఊహించడం కష్టం. చాలా సెట్లకు ఉన్నది ఒకే బొత్తాం. ఒకసారి నొక్కితే చుక్కాని కుడికి, రెండుసార్లు నొక్కితే ఎడమకు. 1950ల నాటికి సన్నని లోహపు నాలుకలు కలిగిన రిసీవర్లు వచ్చాయి. ఒక్కొక్క నాలుక ఒక్కొక్క స్వరానికి మాత్రమే కంపిస్తుంది. ట్రాన్స్‌మిటర్ పంపే స్వరాన్ని బట్టి చుక్కానో, తోకపలకో కదులుతుంది. హార్మోనియం మెట్లు నొక్కినట్టు విమానం నడపడమన్నమాట. ఎండకు శ్రుతి తప్పితే విమానం కూడా దారి తప్పేది. వేలు ఎంత కదిలితే పలక అంతే కదిలే పద్ధతి 1960ల తొలి సంవత్సరాలలో గాని రాలేదు.

విన్యాసాల చరిత్ర దీనికి సమాంతరంగా నడిచింది. 1913 సెప్టెంబరు 9న కీవ్ నగరంలో రష్యా సైనికాధికారి ప్యోత్ర్ నెస్తెరోవ్ ఆకాశంలో తొలిసారిగా నిలువు చక్రం తిరిగాడు. ప్రభుత్వ ఆస్తిని ప్రమాదంలో పడవేసినందుకు పైవారు ఆయనను నిర్బంధించారు. తరువాత పదోన్నతి ఇచ్చారు. ప్రభుత్వోద్యోగిని కనుక ఈ వరుసక్రమం నాకు వింతగా తోచలేదు. అదే నెలలో ఫ్రాన్సులో అడాల్ఫ్ పెగూ తలకిందులుగా ఎగిరాడు. ఆ తరువాత విన్యాసం ఒక కళగా స్థిరపడింది. స్పెయిన్‌కు చెందిన హోసే లూయిస్ అరెస్తీ దానికి సంకేతలిపిని కూర్చాడు. మన నాట్యశాస్త్రం కరణాలను పేరుపేరునా వర్ణించినట్టు, అరెస్తీ లిపి ప్రతి మలుపునూ గీతలో బంధించింది. నమూనా విమానాల రేడియో విన్యాసాలకు తొలి ప్రపంచ పోటీ 1960లో స్విట్జర్లాండ్‌లోని డ్యూబెన్‌డార్ఫ్‌లో జరిగింది. అమెరికాకు చెందిన ఎడ్ కాజ్‌మిర్‌స్కీ తాను స్వయంగా రూపొందించిన 'ఓరియన్'తో గెలిచాడు. ఆ పోటీల వర్గంలో నేటికీ రెక్కల కొసల మధ్య దూరం రెండు మీటర్లకు, పొడవు రెండు మీటర్లకు మించరాదన్న నియమం ఉన్నది.

ఢిల్లీవాసులకు విమాన విన్యాసాలనగానే ఒక విషాదం గుర్తుకు వస్తుంది. 1980 జూన్ 23 ఉదయం సఫ్దర్‌జంగ్ విమానాశ్రయం సమీపంలో పిట్స్ విమానం కూలి సంజయ్ గాంధీ, ఆయన వెంట ఉన్న కెప్టెన్ సుభాష్ సక్సేనా మరణించారు. ఆ జాతి విమానానికి మూలరూపం అమెరికాలో కర్టిస్ పిట్స్ 1940లలో తన చేతులతో కట్టుకున్న చిన్న విమానమే. మాస్టారు ఆనాటి సంగతి ఎప్పుడూ గట్టిగా మాట్లాడరు. ఆ నెల నోటు పుస్తకంలో మాత్రం ఒక వాక్యం ఉన్నది. నేల మీద నిలబడి ఎగురవేసేవాడికి తప్పు చేసే హక్కు ఉంటుందని రాసుకున్నారు.

ఆయన తొలి విమానాలు రేడియోవి కావు. 1950లో ఎన్.సి.సి. వైమానిక విభాగం బొంబాయి, కలకత్తాలలో ఆరంభమైన తరువాత క్రమంగా ఇతర రాష్ట్రాలకు వ్యాపించింది. నమూనా విమాన నిర్మాణం దాని శిక్షణలో భాగం. రెండు సన్నని ఉక్కు తీగలు పట్టుకుని మధ్యలో నిలబడితే విమానం చుట్టూ తిరుగుతుంది. పిడిని పైకీ కిందికీ వంచితే తోకపలక కదులుతుంది. ఈథర్, కిరసనాయిలు, ఆముదం సమపాళ్ళలో కలిపితే ఆ చిన్న డీజిల్ ఇంజనుకు ఇంధనం సిద్ధం. ఈథర్ సంపాదించడానికి కళాశాల రసాయనశాల సహాయకుణ్ణి ఎలా మంచి చేసుకున్నదీ మాస్టారు ఇప్పటికీ ముసిముసిగా నవ్వుతూ చెబుతారు.

రేడియోకు మారడానికి అడ్డు ధర ఒక్కటే కాదు, చట్టం కూడా. 1933 నాటి భారత వైర్‌లెస్ టెలిగ్రాఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరం. ఆ చట్టం చేసినవారి దృష్టిలో పిల్లల విమానాలు లేవు. అయినా పదాలు పదాలే. 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో తక్కువ శక్తి గల పరికరాలకు లైసెన్సు నుంచి మినహాయింపు ఇస్తూ ప్రభుత్వం నియమాలు వెలువరించింది. సరిగ్గా ఆ సంవత్సరాలలోనే ప్రపంచ నమూనాకారులు ఆ పట్టీకి మారడం మొదలుపెట్టారు. ఇంటింటికీ ఇంటర్‌నెట్ తరంగాలు చేరడానికి తెరిచిన తలుపు గుండా మాస్టారి విమానం కూడా బయటికి వచ్చింది.

నోయిడా పుట్టుక 1976 ఏప్రిల్ 17. యమునకూ హిండన్ నదికీ నడుమ ఉన్న పల్లెల భూములలో పారిశ్రామిక నగరంగా దీనిని స్థాపించారు. సెక్టార్లు, రహదారులు, ఆకాశహర్మ్యాలు వచ్చాయి. ఆకాశం మాత్రం నగర ప్రణాళికలో ఏ సెక్టారుకూ చేరలేదు. నమూనా ఎగురవేయాలంటే చుట్టూ మూడు నాలుగు వందల మీటర్లు ఖాళీ కావాలి. అది దొరికేది యమున ఒడ్డున, స్థానికులు 'డూబ్' అని పిలిచే ముంపు భూములలోనే. శీతకాలం మంచులో విమానం యాభై మీటర్లలో మాయమవుతుంది. వేసవిలో ఇంకొక చిక్కు ఉన్నది, దాని సంగతి తరువాత చెబుతాను.

ఇక్కడ మాస్టారు 2016లో మొదలుపెట్టిన విన్యాస విమానానికి ఇంతవరకు నాలుగు రూపాలు వచ్చాయి. రెక్కల కొసల మధ్య 120 సెంటీమీటర్లు, రెక్క సగటు వెడల్పు 25 సెంటీమీటర్లు, మొత్తం బరువు 1,200 గ్రాములు. చదరపు డెసిమీటరు రెక్కకు 40 గ్రాముల భారం పడుతుంది. గంటకు సుమారు 27 కిలోమీటర్ల కంటే వేగం తగ్గితే రెక్క గాలిని పట్టుకోలేక విమానం జారిపోతుంది. నాలుగు రూపాలలోనూ ఈ కొలతలు దాదాపు మారలేదు. మారినదంతా ఆకృతి.

మొదటి రూపానికి కింద చదునుగా, పైన ఉబ్బెత్తుగా ఉండే రెక్క పెట్టారు. అమెరికా సైనికాధికారి వర్జీనియస్ క్లార్క్ 1922లో రూపొందించిన క్లార్క్-వై అనే అడ్డుకోత అది. శిక్షణ విమానాలకు చిరకాలంగా అన్నం పెట్టిన రెక్క. విమానం హాయిగా ఎగిరింది, లూప్ కూడా తిరిగింది. తలకిందులు చేయగానే కథ మారింది. ఎత్తవలసిన రెక్క కిందికి లాగడం మొదలుపెట్టింది. ముక్కు పైకి పట్టి ఉంచడానికి తోకపలకను చివరిదాకా తోయవలసి వచ్చింది. మామూలుగా ఎగిరేటప్పుడు గుణమనిపించిన ఉబ్బు తలకిందులైతే దోషమయింది. దీనికి తోడు రెక్కలు రెండూ కొసల వైపు పైకి వంగి ఉండేవి. ఆ వంపు విమానాన్ని తనంత తాను నిటారు చేస్తుంది. విన్యాసాలు చేసేవాడికి అది అడుగడుగునా అడ్డు చెప్పే పెద్దమనిషి వంటిది.

ఆ పటం మీది ఎర్ర గీతలు ఇలా ఉన్నాయి. రెక్క పైనా కిందా ఒకే ఉబ్బు. రెక్కను దేహం నడిమికి దించాలి. పైకి వంపు తీసివేయాలి. పైనా కిందా సమానమైన ఈ అడ్డుకోతలను అమెరికా వైమానిక సలహా సంఘం, అంటే నాకా, పరీక్షించి 1933లో ఒక నివేదికగా అచ్చువేసింది. అందులో 78 అడ్డుకోతల లెక్కలున్నాయి. ప్రపంచంలో ఎవరైనా వాడుకోవచ్చునని ప్రభుత్వ సంస్థ ఇచ్చిన ఆ పట్టికల నుంచే, 80 ఏళ్ళకు పైగా గడిచిన తరువాత నోయిడా బాల్కనీలో ఒక వృద్ధుడు తన రెక్క మందాన్ని ఎంచుకున్నారు. ప్రభుత్వ నివేదికలను ఎవరూ చదవరని నిట్టూర్చే నా వంటివారికి ఇది కొంత ఊరట.

రెండవ రూపం తలకిందులుగా చక్కగా ఎగిరింది. దిగేటప్పుడు మాత్రం మోసం చేసింది. అందంగా ఉండాలని కొసలను బాగా సన్నం చేశారు. వేగం తగ్గగానే ఆ సన్నని కొస ముందుగా గాలి విడిచిపెట్టింది. విమానం ఒక పక్కకు తిరగబడి, ముక్కుతో మట్టిలో దిగబడింది. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. నాకు విచారం వేసింది. మాస్టారు ముక్కలు ఏరుతూ, "బాబూ, కొస సంగతి ఇది తెలిసింది కదా!" అన్నారు. మూడవ పటంలో కొస వెడల్పు నాలుగు సెంటీమీటర్లు పెరిగింది, కొస ముందు అంచు మొద్దుబారింది. చూపుకు విమానం కాస్త పామరంగా కనిపిస్తుంది. ప్రాణాలతో దిగుతుంది.

మూడవదాని తగవు లూప్ దగ్గర వచ్చింది. తిన్నగా పైకి లేచి తిన్నగా తిరిగి రావలసిన చక్రం ప్రతిసారీ ఎడమకు వాలి, మరచుట్టులా మారేది. ఎడమ రెక్క కొన్ని గ్రాములు ఎక్కువ తూగుతున్నదని తెలిసి కుడి కొసలో ఒక రూపాయి నాణెం అతికించారు. పంకా తిరుగుడు వల్ల ముక్కు ఎడమకు లాగుతున్నదని మోటారును రెండు డిగ్రీలు కుడికి వంచారు. ఆపైన గరిమనాభి. మొదట అది రెక్క వెడల్పులో ముందు నుంచి 25 శాతం దగ్గర ఉండేది. అక్కడ ఉంటే విమానం బుద్ధిమంతురాలు, కాని మలుపులో బద్ధకం. బ్యాటరీని ప్రతి ఆదివారం కొద్దికొద్దిగా వెనక్కి జరుపుతూ పోయారు. విమానాన్ని ఏటవాలుగా పైకి నడిపి తలకిందులు చేసి చేతులు వదలాలి. ముక్కు గబుక్కున నేల చూస్తే బరువు ఇంకా ముందుకు ఉన్నట్టు. నెమ్మదిగా వంగితే చాలు. 33 శాతం దగ్గర ఆగారు. ఇంకొక సెంటీమీటరు జరిపి చూద్దామా అని నేను అడిగితే, తోక బరువైన విమానం ఒక్కసారే ఎగురుతుందని అన్నారు.

ఈ మధ్యలో కొండపల్లి ప్రవేశించింది. నమూనాలకు ప్రపంచమంతా వాడేది దక్షిణ అమెరికాలో, ముఖ్యంగా ఎక్వడార్‌లో పెరిగే బాల్సా. 1947లో కాన్-టికీ తెప్ప పసిఫిక్ మీద తేలినది ఈ చెక్క మీదే. ఘనమీటరు 160 కిలోల లోపే తూగే బాల్సా పలకలు కూడా ఉంటాయి. ఆ చెక్క ఇక్కడ ఖరీదు, ఒక్కొక్కసారి దొరకదు. మాస్టారు బొమ్మల ఊరి పొరుగున పెరిగినవారు. కొండపల్లి కళాకారులు వాడే తెల్లపొణికి చెక్క చేతికి ఎంత తేలికో, ఉలికి ఎంత మెత్తనో ఆయనకు చిన్ననాడే తెలుసు. నిర్మల్ బొమ్మలకూ అదే చెక్క. ఊరి నుంచి రెండు దుంగలు తెప్పించి ముక్కు దిమ్మ, రెక్క కొసల దిమ్మలు చెక్కారు. అతుకుల సందులు పూడ్చడానికి జిగురుతో పాటు మక్కు కూడా వాడి చూశారు. చింతగింజల జిగురు, చెక్కపొట్టు కలిపి కొండపల్లివారు బొమ్మకు చేతులు, తలపాగా అతికే మిశ్రమం అది. పొణికి బాల్సా కంటే బరువు. విమానం 70 గ్రాములు పెరిగింది. రెక్క లోపలి పక్కటెముకలకు అది పనికిరాదని తేలి వాటికి మళ్ళీ బాల్సానే వాడారు. ముక్కు దిమ్మ మాత్రం ఇప్పటికీ పొణికిదే. రెండుసార్లు నేలను గుద్దుకున్నా పగలలేదు. మక్కు ఎండకు నిలిచింది గాని వానాకాలపు తేమకు మెత్తబడింది. "బొమ్మ అలమారలో ఉంటుంది, ఇది వరదలో ఉంటుంది, తేడా లేదూ?" అన్నారు. పొణికి చెట్లు అడవిలో తగ్గిపోతున్నాయని కొండపల్లివారు చెప్పుకునే బాధ ఆ రెండు దుంగల కోసం తిరిగినప్పుడు ఆయనకూ అనుభవమయింది.

నేను వాయిదా వేసిన వేసవి సంగతి ఇప్పుడు చెప్పాలి. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి దాదాపు పదో వంతు పలుచన. నోయిడా సముద్రమట్టానికి సుమారు 200 మీటర్ల ఎత్తున ఉండడం వల్ల మరి కాస్త తగ్గుతుంది. అందువల్ల జనవరిలో 27 కిలోమీటర్ల వేగంతో క్షేమంగా దిగే విమానం జూన్‌లో 29 దాకా అడుగుతుంది. ఇది చిన్న తేడా అనిపించవచ్చు. మూడవ రూపం 2019 జూన్‌లో కూలింది ఈ రెండు కిలోమీటర్ల దగ్గరే. అప్పటి నుంచి నోటు పుస్తకంలో ప్రతి ఎగురుడుకూ ఉష్ణోగ్రత రాయడం మొదలయింది. ఒక నగర వాతావరణానికి ఇటువంటి దినచర్య మరెక్కడైనా ఉంటుందా అని నాకు అనుమానం.

ఈ కాలంలో నియమాల వాతావరణం కూడా స్థిరంగా లేదు. 2014 అక్టోబరు 7న పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ మానవరహిత విమానాల పౌర వినియోగాన్ని ఒక బహిరంగ ప్రకటనతో ఆపింది. 2018 డిసెంబరు నుంచి అనుమతులతో కూడిన నిబంధనలు అమలుకు వచ్చాయి. ఢిల్లీలో విజయ్ చౌక్ చుట్టూ ఐదు కిలోమీటర్లు నిషిద్ధమని అందులో ఉన్నది. 2021 ఆగస్టు 25 నాటి డ్రోన్ నియమాలు దేశపు ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించాయి. 25 కిలోలు మించని, చదువుకో పరిశోధనకో వినోదానికో వాడే, కంటిచూపు మేరలో నడిపే నమూనా విమానానికి అందులో ప్రత్యేక నిర్వచనం వచ్చింది. దానికి టైప్ సర్టిఫికెట్ అక్కరలేదన్నారు. రెండు కిలోలు మించని దానిని వ్యాపారేతరంగా నడిపేవారికి పైలట్ లైసెన్సు కూడా అక్కరలేదన్నారు. నమూనాకారుడు మన నియమావళిలో తన పేరు చూసుకోగలిగిన సందర్భం ఇది. దీని ప్రాముఖ్యాన్ని బయటివారు గ్రహించలేదనే నా అభిప్రాయం. 2022 ఫిబ్రవరిలో తయారై వచ్చే డ్రోన్ల దిగుమతిని నిషేధించి, విడిభాగాలను అనుమతించినప్పుడు చేతితో కట్టుకునేవారికి మరి కొంత చోటు దొరికింది.

చట్టంలో చోటు దొరికినా నేల మీద దొరకాలి. హిండన్ వైమానిక స్థావరం నుంచి 2019లో పౌర విమానాలు మొదలయ్యాయి. గణతంత్ర, స్వాతంత్ర్య దినోత్సవాల ముందు ఢిల్లీలో ఎగిరే ప్రతి చిన్న వస్తువునూ పోలీసు ఉత్తర్వులు నేలమీదే నిలుపుతాయి. భద్రత విషయంలో ఎవరికీ భిన్నాభిప్రాయం ఉండదు. అయితే కుర్రవాడు నమూనా కట్టి, పటం చూసి, తన ఇంటి పైకప్పు ఎరుపులో ఉన్నదని తెలుసుకుని, చట్టబద్ధంగా ఎగురవేయడానికి అనువైన మైదానం ఎక్కడని అడిగితే చూపించడానికి మనకు చిరునామా లేదు. ముంపు భూమి కూడా స్థిరం కాదు. 2023 జులై 13న యమున ఢిల్లీ పాత రైలు వంతెన దగ్గర 208.66 మీటర్లకు చేరి పాత రికార్డులన్నిటినీ దాటినప్పుడు మాస్టారి 'విమానాశ్రయం' నీటి కింద ఉన్నది. నీరు తీశాక మిగిలిన ఒండ్రు మీద చక్రాలు కూరుకుపోయేవి. నాలుగవ రూపానికి పెద్ద చక్రాలు రావడానికి కారణం ఆ వరద. పటం మీద ఎర్ర పెన్సిలుతో 'యమున' అన్న ఒక్క మాట రాసి ఉన్నది.

ప్రాచీన భారతంలో విమానాలుండేవన్న వాదం విన్నప్పుడల్లా నాకు ఈ ఎర్ర గీతలే గుర్తుకు వస్తాయి. వైమానిక శాస్త్రం పేరిట చలామణీ అయిన గ్రంథాన్ని 1974లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన అయిదుగురు పరిశోధకులు పరిశీలించి, ఆ గ్రంథం ఇరవయ్యవ శతాబ్ది ఆరంభానికి చెందినదని, అందులోని విమానాలు ఎగరలేవని తేల్చారు. వారు బరువులు, బలాలు లెక్కగట్టి చెప్పారు. చరిత్ర విద్యార్థిగా నాకు తోచిన లోపం వేరు. ఆ పటాలలో ఒక్క దిద్దుబాటు లేదు. స్వాతంత్ర్యానంతరం కాన్పూరులో వైమానికదళ అధికారి హర్జిందర్ సింగ్ 1958లో మరమ్మతు డిపోలో కట్టిన 'కాన్పూర్-1' అనే చిన్న విమానం పేరు మనలో ఎందరికి తెలుసు? 1961లో దానిని మార్చి 'కాన్పూర్-2' కట్టారు. ఆ ఒకటికీ రెండుకూ మధ్య ఏమి దిద్దుకున్నారో తెలిపే కాగితాలే నా దృష్టిలో అసలైన వైమానిక శాస్త్రం.

మాస్టారి పెట్టె విషయమై రెండేళ్ళ క్రితం ఒక సంస్థకు లేఖ రాశాను. బదులుగా ఒక ఫారం వచ్చింది. 'వస్తువు ప్రాచీనత', 'చారిత్రక వ్యక్తితో సంబంధం' అన్న గడులు అందులో ఉన్నాయి. రెండింటిలోనూ రాయదగినదేమీ తోచలేదు. మాస్టారి కుమారుడు మంచివాడు, కాని వారు వచ్చే ఏడాది చిన్న ఇంటికి మారుతున్నారు. బాల్కనీ లేని ఇల్లు. నోటు పుస్తకాలను నేను పుటపుటా ఫొటోలు తీయడం మొదలుపెట్టాను. ఇప్పటికి నాలుగు పూర్తయ్యాయి.

మొన్న ఆదివారం ఉదయం ఆరున్నరకు యమున ఒడ్డుకు వెళ్ళాము. మాస్టారి చేతులు ఇప్పుడు కొద్దిగా వణుకుతున్నాయి. ట్రాన్స్‌మిటరును మా సముదాయంలోనే ఉండే పదవ తరగతి అమ్మాయికి ఇచ్చి, తాను కుర్చీలో కూర్చున్నారు. ఆ పిల్ల రెండు లూపులు తిప్పింది, తలకిందులుగా మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు తెచ్చింది. తరువాత విమానాన్ని పక్కకు నిలబెట్టి, ఒక రెక్క నేలకూ ఒక రెక్క ఆకాశానికీ చూపిస్తూ చుక్కాని బలంతో నడపబోయింది. ముక్కు మెల్లగా చక్రాల వైపు తిరిగింది. "తాతగారూ, ఇది నా చేతి తప్పా, విమానం తప్పా?" అని అడిగింది. మాస్టారు మరొకసారి చేయించి చూశారు. మళ్ళీ అదే వైపు తిరిగింది. దిగిన తరువాత నోటు పుస్తకం అమ్మాయి చేతికిచ్చి రాయమన్నారు. ఉష్ణోగ్రత 31, గాలి పడమర నుంచి, చుక్కాని కుడికి తిప్పినా ఎడమకు తిప్పినా ముక్కు చక్రాల వైపు లాగుతున్నది, దేహం పక్క వైశాల్యం పెంచి చూడాలి. తేదీ వేసి, జేబులోంచి పెన్సిలు తీసి ఇచ్చారు.